రాత్రి పదకొండు దాటితే కంపు: ఏ ఫ్యాక్టరీదో, ఏం వదులుతోందో ఎవరిని అడగాలి?

కిటికీమూసినోడు
ఏడాదిన్నర కింద ఫ్లాట్ కొన్నాం. ఆరో అంతస్తు, పగలంతా హాయిగానే ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక, వారంలో మూడు నాలుగు రోజులు, ఒకటే కంపు. కుళ్ళిన క్యాబేజీని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నానబెడితే ఎలా ఉంటుందో అలా. కిటికీలన్నీ మూసి, తలుపు కింద సందులో తడి టవల్ కుక్కి పడుకుంటున్నాం. మా పాపకి ఆరేళ్ళు. దగ్గుతూ లేస్తుంది.

రెండు కిలోమీటర్ల లోపల పది పన్నెండు ఫ్యాక్టరీలున్నాయి, ఎక్కువ మందుల కంపెనీలే. కాలుష్య నియంత్రణ బోర్డుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే "ఏ కంపెనీ మీద సార్?" అంటారు. ఏ కంపెనీయో నాకు తెలిస్తే మీకెందుకు ఫోన్ చేస్తాను? ఒకసారి మనిషి వచ్చాడు, మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి. బాల్కనీలో నిలబడి రెండుసార్లు గాలి పీల్చి "ఏమీ లేదే" అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

నేనడిగేది ఒక్కటే. ఆ ఫ్యాక్టరీలు ఏం తయారు చేస్తాయి, ఏం వదులుతాయి, ఎంతవరకు వదలొచ్చని పర్మిషన్ ఇచ్చారు. ఇవి మామూలు మనిషి చూడగలిగే కాగితాలేనా, లేక కంపెనీ రహస్యాలా?

పులిహోర
క్యాబేజీ ప్లస్ నెయిల్ పాలిష్ అంటే మా హాస్టల్ సాంబారే. అడ్రస్ పెట్టండి బ్రో, ఒకసారి వచ్చి పీల్చుకుని పోతా, పాత రోజులు గుర్తొస్తాయి.

చెరువుగట్టు
పాప దగ్గుతోందంటే జోకులేంటి పులిహోరా.

మా వైపూ ఇదే కథ. కాకపోతే మాకు కంపు చెరువు నుంచి. తొలి వాన పడిన రాత్రే నురగ వస్తుంది. వానలో ఎవరు ఏం వదిలారో ఎవరికి తెలుస్తుంది!

అడ్మిన్
కంపెనీ పేర్లు, ఆఫీసర్ల పేర్లు రాయకండి. ఇప్పటికే రెండు పోస్టుల్లో తీసేశాను. కోర్టు తీర్పులు, ప్రభుత్వ నివేదికల్లో ఉన్నవి మాట్లాడుకోవచ్చు.

ఎర్రకేటగిరీ
పాతికేళ్ళు ఆ బోర్డులోనే కన్సెంట్ (ఫ్యాక్టరీలకిచ్చే పర్మిషన్) అప్లికేషన్లు తిరగేసిన చెయ్యి నాది. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెప్తా.

కిటికీ గారూ, మీరడిగినవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఫ్యాక్టరీ కట్టే ముందు ఇచ్చేది సీఎఫ్‌ఈ, నడపడానికి ఇచ్చేది సీఎఫ్‌ఓ. ఆ సీఎఫ్‌ఓలో ఏ ఉత్పత్తి రోజుకి ఎన్ని కిలోలు, నీళ్ళు ఎన్ని కిలోలీటర్లు, ఏ చిమ్నీకి ఎంత ఎత్తు, ఏ రియాక్టర్‌కి స్క్రబ్బర్ (బయటికి పోయే వాయువుని కడిగేది) పెట్టాలి, అన్నీ వరసగా రాసి ఉంటాయి. ఇది రహస్యం కాదు. 1981 నాటి గాలి చట్టంలో 51వ సెక్షన్ చదవండి. కన్సెంట్ ఇచ్చిన వాళ్ళందరి వివరాలూ, వాళ్ళకి పెట్టిన పరిమితులూ ఒక రిజిస్టర్‌లో రాయాలి, దాన్ని సంబంధం ఉన్న ఎవరైనా పని వేళల్లో చూడొచ్చు. నీటి చట్టం 1974ది, అందులో 25(6) కూడా అదే మాట. అంటే ఆర్టీఐ పుట్టక ముందు నుంచే ఈ హక్కు ఉంది. అడిగినవాడు లేడంతే. నా సర్వీసులో "రిజిస్టర్ చూపించండి" అని వచ్చిన మనిషిని ఒక్కణ్ణి చూశాను, ఆయన కూడా టాయిలెట్ ఎక్కడని అడగబోయి పొరపాటున మా గదికి వచ్చాడు.

ఇంకో కాగితం ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఫారం 5, పర్యావరణ స్టేట్‌మెంట్. ప్రతి ఫ్యాక్టరీ ఏటా సెప్టెంబర్ 30 లోపు బోర్డుకి ఇవ్వాలి. ముడిసరుకు ఎంత వాడారు, ఎంత సరుకు తీశారు, ఎంత వ్యర్థం మిగిలింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే లెక్క ఎక్కడ తేడా కొడుతోందో ఇంజనీరు కానివాడికి కూడా కనిపిస్తుంది.

నల్లకోటు
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కాకపోతే కౌంటర్ దగ్గర 51వ సెక్షన్ అంటే మొహం చూస్తారు, ఆర్టీఐ అంటే కాగితం తీసుకుంటారు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడగండి. 30 రోజులు గడువు. అడిగేటప్పుడు "కాలుష్యం గురించి సమాచారం ఇవ్వండి" అని రాస్తే మాత్రం మీ పని అయిపోయినట్టే. "అడిగిన రూపంలో సమాచారం లేదు" అని ఒక్క లైను వస్తుంది. కాగితం పేరు పెట్టి అడగాలి.

కిటికీమూసినోడు
అదేనండీ నా బాధ. ఏ కాగితం ఉందో తెలిస్తేనే కాగితం అడగాలి. కాగితం చూస్తే గాని ఏ కాగితం ఉందో తెలియదు.

పులిహోర
పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు.

బోరునీళ్ళు
నా అనుభవం చెప్తా. మా ఊళ్ళో బోరు నీళ్ళు టీ రంగులో వస్తున్నాయని అడిగాను. నలభై రోజులకి జవాబొచ్చింది, 140 పేజీలు, పేజీకి రెండు రూపాయలు కట్టమన్నారు. కట్టాను. అంతా ఇంగ్లీషు. మా నాయనమ్మ ఆ కట్ట చేత్తో ఎత్తి చూసి "నీళ్ళు ఎర్రగున్నయని చెప్పనీకి ఇంత పుస్తకమా" అంది.

ఆ 140లో నాకు పనికొచ్చింది ఒకే పేజీ, శాంపిల్ రిపోర్టు. దాంట్లో శాంపిల్ తీసిన బోరు మా ఊరిది కాదు. ఫ్యాక్టరీకి పై వైపు ఉన్న తోటలోది. నీళ్ళు పల్లానికి పోతాయి కాని మిట్టకి ఎక్కుతాయా?

నల్లకోటు
బోరు అన్నా, తర్వాతిసారి కాపీలు అడక్కండి. ఫైల్ చూస్తానని అడగండి. చట్టంలో 2(జె) ప్రకారం ఫైల్ పరిశీలన కూడా సమాచార హక్కే, నమూనా తీసుకోవడం కూడా. మొదటి గంట ఉచితం. కూర్చుని తిప్పి చూసి, కావలసిన ఆ ఒక్క పేజీకి రెండు రూపాయలు కట్టుకోవచ్చు.

చిన్నయూనిట్_ఓనర్
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు. 34 మందికి జీతాలిచ్చే యూనిట్ నాది. ఆర్టీఐ వేసి, కాగితాలు పట్టుకుని, నా గేటు దగ్గరికి వచ్చి "సెటిల్ చేసుకుందాం సార్" అన్నవాళ్ళు ఇప్పటికి ముగ్గురు. ఒకడు దీపావళికి స్వీట్ బాక్స్ కూడా పంపాడు, రిమైండర్ లాగా. అన్నీ బయట పెట్టేస్తే ఇలాంటి వాళ్ళకి పండగ.

రెండోది, మా ప్రాసెస్‌లో ఏ సాల్వెంట్ (సరుకుని కరిగించే ద్రవం) ఎంత వాడతామో బయటికొస్తే పక్క యూనిట్‌వాడు నెలలో కాపీ కొడతాడు. అదీ చూడాలి కదా.

మూడోది, నేను 1994లో పెట్టినప్పుడు చుట్టూ జొన్న చేలు. మీరొచ్చి పక్కన అపార్ట్‌మెంట్లు కట్టి నన్ను పొమ్మంటే ఎలా?

కిటికీమూసినోడు
మూడోది ఒప్పుకుంటా సార్. ఫ్లాట్ చూపించినప్పుడు బిల్డర్ పొద్దున పదింటికి తీసుకెళ్ళాడు. పదకొండుసార్లు వెళ్ళాం, అన్నీ పగలే. నాదీ తప్పే.

నల్లకోటు
రెండోదానికి జవాబు చట్టంలోనే ఉంది. 8(1)(డి) వ్యాపార రహస్యం ఇవ్వక్కర్లేదంటుంది, కాని ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలంటుంది. పైగా 10వ సెక్షన్ ప్రకారం రహస్యం ఉన్న లైను మీద నల్లగీత కొట్టి మిగతాది ఇవ్వాలి. మీ ఫార్ములా ఎవరికీ అక్కర్లేదు సార్. చిమ్నీ లోంచి, పైపు లోంచి బయటికి వచ్చాక అది మీ రహస్యం కాదు, మా గాలి.

వసూలు రాయుళ్ళ సంగతి నిజమే. దానికి మందు కూడా కాగితాలు అందరికీ ఇంటర్నెట్‌లో పెట్టేయడమే. ఎవరికైనా ఊరికే దొరికేదాన్ని చూపించి మిమ్మల్ని ఎవడు బెదిరిస్తాడు?

చిన్నయూనిట్_ఓనర్
హ్మ్. ఆ చివరి మాట నేను ఆలోచించలేదు. స్వీట్ బాక్స్‌వాడికి పంపిస్తా.

సింహాచలం_సంపెంగ
కంపు గురించి కాదు, ప్రాణాల గురించి ఒక మాట. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకు. మా పెద్దమ్మ వాళ్ళది గోపాలపట్నం. నాలుగింటికి ఫోన్ చేసి "గ్యాస్ అంటున్నారే, సిలిండరు కట్టెయ్యాలా?" అని అడిగింది. వంటగ్యాస్ అనుకుంది పిచ్చిది. స్టైరిన్ అన్న మాట ఆ చుట్టుపక్కల వాళ్ళలో ఎంతమందికి ముందు తెలుసు? 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ జులైలో నివేదిక ఇచ్చింది, జనానికి కూడా పెట్టారు, అందులో స్పష్టంగా ఉంది, సైరన్ మోగలేదని.

గేటుకి అవతల ఏ ట్యాంకులో ఏముంది, లీకైతే ఎటు పరుగెత్తాలి, మొహానికి తడిగుడ్డ కట్టుకోవాలా వద్దా. ఈ మూడు సంగతులు ముందే తెలిసి ఉండాలి. అర్ధరాత్రి ఆర్టీఐ వేస్తామా?

నల్లకోటు
మేడం చెప్పినదానికి కూడా చట్టం ఉంది, అదే కడుపుమంట. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి చేర్చారు. ప్రమాదకరమైన ప్రాసెస్ ఉన్న ఫ్యాక్టరీ తన వల్ల వచ్చే ప్రమాదాలు, జాగ్రత్తలు కార్మికులకీ, స్థానిక సంస్థకీ, చుట్టుపక్కల జనానికీ తనంతట తానే చెప్పాలి. అడగక్కర్లేదు. 1989 ప్రమాదకర రసాయనాల రూల్స్‌లో కూడా పెద్ద ప్రమాదం జరిగితే తగిలే పరిధిలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పాలని ఉంది.

మీలో ఎంతమంది ఇంటికి ఫ్యాక్టరీ వాళ్ళు అలాంటి కరపత్రం తెచ్చారు? చేతులెత్తండి.

పులిహోర
మా ఇంటికి వచ్చిన కరపత్రాలు: కోచింగ్ సెంటర్, మొలల వైద్యం, పిజ్జా.

హ్యూస్టన్_గోంగూర
ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా. అమెరికాలో 1986లో ఒక చట్టం తెచ్చారు, ప్రమాదాల ముందస్తు ఏర్పాట్లు, జనానికి తెలుసుకునే హక్కు మీద. అది పుట్టిందే మన భోపాల్ వల్ల. 84లో భోపాల్, 85లో అదే కంపెనీ వెస్ట్ వర్జీనియా ప్లాంటులో లీకు. అప్పుడు కదిలారు. ఫ్యాక్టరీలు దాదాపు 800 రసాయనాల్లో దేన్ని ఎంత గాలిలోకి, ఎంత నీళ్ళలోకి వదిలాయో ప్రతి జులై 1కి ప్రభుత్వానికి చెప్పాలి. నేను ఇల్లు కొనేముందు పిన్ కోడ్ లాంటిది కొడితే కంపెనీ పేరుతో సహా లిస్టు వచ్చింది. మా ఆవిడ ఆ లిస్టు చూసి ఇంకో పేట వెతకమంది.

చెరువుగట్టు
చచ్చింది మనవాళ్ళు, హక్కు వచ్చింది వాళ్ళకి.

ఎర్రకేటగిరీ
హ్యూస్టన్ బాబూ, ఆ లెక్కలు కూడా కంపెనీ తనకు తాను రాసుకునేవే. చాలా వరకు అంచనాలు. మరీ ఆకాశానికెత్తకండి.

హ్యూస్టన్_గోంగూర
నిజమే అంకుల్, ఓడల కాలువ వైపు వెళ్తే కంపు ఇక్కడా ఉంది. కాని ఎవరి కంపో పేరు తెలిసిన కంపు.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
పదేళ్ళుగా ఫ్యాక్టరీలో ఈటీపీ (మురికినీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) ఆపరేటర్‌ని. రాత్రి డ్యూటీ. మీరు తిట్టుకునేది నన్నే కావొచ్చు :)

కిటికీ అన్నా, ముందు ఒక మాట. రాత్రి కంపు వస్తే ప్రతిసారీ దొంగచాటుగా వదిలారని కాదు. రాత్రి నేల చల్లబడితే కింది గాలి బరువెక్కి పైకి లేవదు, చలికాలం మరీను. పగలు పైకి పోయే వాసనే రాత్రి ఆరో అంతస్తు దగ్గర తేలుతుంది. దొంగచాటుగా వదిలేవాళ్ళు లేరని కూడా అనడం లేదు. రెండూ ఉన్నాయి.

కుళ్ళిన క్యాబేజీ అంటే మెర్కాప్టాన్ జాతి. వంటగ్యాస్‌కి కంపు రావాలని కలిపేది ఆ కుటుంబమే. చాలా కొంచెం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. నెయిల్ పాలిష్ వాసన అసిటోన్ లాంటి సాల్వెంట్. రెండూ కలిసి వస్తున్నాయంటే ఒక్క కంపెనీదే కాకపోవచ్చు.

కిటికీమూసినోడు
తమ్ముడూ, పదకొండు నెలల్లో నాకు అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషివి నువ్వే. మరి నా ఫోన్‌లో సమీర్ యాప్‌లో గాలి నాణ్యత అంకె, అదే ఏక్యూఐ, 70, 80 చూపిస్తోంది, "సంతృప్తికరం" అని. ముక్కు మండుతుంటే ఫోన్ సంతృప్తికరం అంటుంది!

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే. రెండు రకాల దుమ్ము, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మీ క్యాబేజీ అందులో లేదు, మీ నెయిల్ పాలిష్ లేదు. యాప్ అబద్ధం చెప్పట్లేదు, అడగనిదానికి జవాబు చెప్పట్లేదు.

పటాన్‌చెరు_పాతకాపు
ఇదే అసలు సంగతి. కొలిస్తేనే కదా దాచేది. నక్కవాగు ఒడ్డున పుట్టినవాణ్ణి. 1990లోనే మా ప్రాంతం కేసు సుప్రీంకోర్టుకి పోయింది, దశాబ్దాలు నడిచింది. బీఓడీ, సీఓడీ అని, నీళ్ళలో మురికి ఎంతుందో చెప్పే అంకెలతో వేల కాగితాలు పుట్టాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు వచ్చి పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళు పరీక్ష చేసి ప్రపంచానికి చెప్పారు, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని. అవును, మన మెడికల్ షాపులో దొరికే సిప్రో మాత్రే. అప్పటిదాకా మాకా సంగతి ఎందుకు తెలియలేదు? ఎవరూ దాచలేదు, కొలవాల్సిన జాబితాలో యాంటీబయాటిక్ అన్న మాటే లేదు.

2020 జనవరిలో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది, మందుల ఫ్యాక్టరీల నీళ్ళలో 121 యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడతామని. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. ఆ పరిమితులు అందులో లేవు. ఇక ఆర్టీఐలో ఏమని అడుగుతారు?

బోరునీళ్ళు
పెద్దాయనా, ఇది చదివి నోట మాట రాలేదు.

చెరువుగట్టు
గేటు బోర్డుల గురించి ఎవరూ అనలేదేం? 2003లో సుప్రీంకోర్టే చెప్పింది, ప్రమాదకర వ్యర్థాలున్న ఫ్యాక్టరీలు మెయిన్ గేటు బయట బోర్డు పెట్టి ఏ రసాయనాలు వాడుతున్నారో, నీళ్ళు, గాలి, వ్యర్థాల లెక్కలు రాయాలని. పోయిన ఆదివారం మా వైపు ఐదు గేట్లు తిరిగొచ్చా. ఒకదానికి బోర్డు లేదు. ఒక బోర్డు మీద కాగితం పూల చెట్టు పాకి "హజార్డ్" దాకానే కనిపిస్తోంది. ఒకదాని మీద తేదీ పెయింటుతో రాశారు, 2019ది, అంటే మార్చే ఉద్దేశం లేదన్నమాట. మిగతా రెండింటి మీదా మార్కర్‌తో అంకెలు: బీఓడీ 28, సీఓడీ 246. రెండు గేట్లకీ అవే అంకెలు. ఫొటో తీస్తుంటే వాచ్‌మన్ "ఫ్లాట్ కోసమా సార్, మా బావమరిది బ్రోకర్" అన్నాడు.

ఎర్రకేటగిరీ
హహ. బయట కాలువలోకి వదలడానికి పరిమితి బీఓడీ 30, సీఓడీ 250. అందుకే 28, 246. నా సర్వీసులో 29.5 కూడా చూశా. గుజరాత్‌లో దీన్ని పట్టుకున్నారు. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, ఆవిడ సహచరులు 2009 నుంచి రెండేళ్ళు ఒక ప్రయోగం చేశారు. ఫ్యాక్టరీ డబ్బిచ్చి పెట్టుకున్న ఆడిటర్లు దుమ్ము పరిమితి దాటినవి 7 శాతమే అని రాస్తే, తిరిగి కొలిస్తే 59 శాతం దాటాయి. ఆడిటర్‌కి జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో లాటరీ వేస్తే నిజం రాయడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలు కూడా కొంత తగ్గించుకున్నాయి.

చిన్నయూనిట్_ఓనర్
ఆన్‌లైన్ మీటర్లు వచ్చాయి కదండీ ఇప్పుడు. మా జేబులోంచే లక్షలు పోశాం.

నల్లకోటు
వచ్చాయి. 2014 ఫిబ్రవరిలో కేంద్ర బోర్డు 17 రకాల ఎక్కువ కాలుష్య పరిశ్రమలని పెట్టుకోమంది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది, ఆ అంకెలు రాష్ట్ర బోర్డు పోర్టల్‌లో జనం చూసేలా ఉండాలంది.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
మీటరు మంచిదే. కాని సెన్సార్ ఎక్కడ మునిగి ఉందో మీటరు చెప్పదు. మంచినీళ్ళ బకెట్‌లో మునిగినా అది నిజాయితీగా మంచినీళ్ళ అంకెలే పంపిస్తుంది. మా దగ్గర కాదు లెండి. ఒక ఫ్రెండ్ చెప్పాడు.

పులిహోర
ఆ ఫ్రెండ్ మీతోనే నైట్ షిఫ్ట్ చేస్తాడా, మీ చొక్కాయే వేసుకుంటాడా?

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
🙂

బోరునీళ్ళు
తెలుగు సంగతి ఎవరైనా చెప్పండి. మా పక్క మండలంలో కొత్త ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. రిపోర్టు 600 పేజీల పైన, ఇంగ్లీషులో. రూల్ ప్రకారం తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం ఒక్కటే. అది చదివాను. "వ్యర్థజల చికిత్స మొక్క" అని ఉంది. మా సర్పంచి లేచి "ఆ మొక్క ఎక్కడ నాటుతరు, ఎన్నేండ్లకి కాపుకొస్తది" అని అడిగిండు. వెటకారమో నిజంగానే అడిగిండో ఇప్పటికీ అర్థం కాలేదు.

సింహాచలం_సంపెంగ
మొక్క!! ప్లాంటుకి మొక్క!! కడుపు నొప్పొచ్చింది నవ్వలేక.

చెరువుగట్టు
మీకు మొక్కయినా చూపించారు. 2021లో ధాన్యంతో ఇథనాల్ తీసే ప్లాంట్లని బీ2 లిస్టులో చేర్చారు. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అంటే ఊళ్ళో పునాది తవ్వుతుంటే గాని జనానికి తెలియదు. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్ళకి ఊళ్ళు హైవే మీద కూర్చున్నది గుర్తుందిగా. సమావేశంలో అడగనివ్వకపోతే రోడ్డు మీద అడుగుతారు.

నల్లకోటు
కిటికీ గారికి ఇంకొకటి. పర్యావరణ అనుమతి ఉన్న పెద్ద ప్లాంట్లయితే ఆరు నెలలకోసారి, జూన్ 1, డిసెంబర్ 1కి, షరతులు పాటించామని రిపోర్టు ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్‌లో రాసి ఉంది, అవి పబ్లిక్ డాక్యుమెంట్లు, అడిగిన ఎవరికైనా కాపీ ఇవ్వాలని. "రహస్యం" అంటే ఆ పేరా చూపించండి.

కిటికీమూసినోడు
అందరికీ థాంక్స్. ఇంకో తలనొప్పి. ఇదంతా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరం కలిసి సంతకాలు చేద్దామన్నాను. సెక్రటరీ గారు అరగంటలో డిలీట్ చేయించారు. "కంపు అని రాస్తే రేటు పడిపోతుంది, రెండు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి" అన్నారు. ఆయన కూడా రాత్రి కిటికీలు మూసుకునే పడుకుంటాడు, నేను చూశాను.

పటాన్‌చెరు_పాతకాపు
అప్పట్లో మా ఊళ్ళో కూడా ఇదే మాట, పిల్లల సంబంధాలు పోతాయని. నీళ్ళు పాడైతే చెప్పుకోలేదు, పిల్లనివ్వరని.

ఎర్రకేటగిరీ
ఆర్టీఐ ఒక్కరే వేయండి, పదిమంది సంతకాలు అక్కర్లేదు. అడగాల్సినవి: రెండు కిలోమీటర్ల లోపు రెడ్ కేటగిరీ (ఎక్కువ కాలుష్యం ఉండే) యూనిట్ల సీఎఫ్‌ఓలు, గత రెండేళ్ళ తనిఖీ రిపోర్టులు, శాంపిల్ తీసిన టైముతో సహా. ఆ "టైముతో సహా" మర్చిపోకండి. కాపీలొద్దు, ఫైల్ పరిశీలన కావాలని రాయండి.

కిటికీమూసినోడు
(ఏడు వారాల తర్వాత)
బోర్డు ఆఫీసుకి వెళ్ళొచ్చాను.

మొదట జవాబు రాలేదు. నల్లకోటు గారు చెప్పిన 30 రోజుల గడువు దాటగానే, 31వ రోజున మొదటి అప్పీల్ వేశాను. వారంలో ఫోన్ వచ్చింది, వచ్చి చూసుకోండని. టేబుల్ మీద తొమ్మిది ఫైళ్ళు, తాడు కట్టి. అక్కడి క్లర్కు నిజం చెప్పాలంటే మర్యాదగానే ఉన్నాడు, ఫ్యాన్ నా వైపు తిప్పాడు. మొదటి గంటలో మూడు ఫైళ్ళే అయ్యాయి. అందులో సగం టైం తాడు విప్పడానికే పోయింది. మిగతావాటికి డబ్బు కట్టి కూర్చున్నా.

తొమ్మిదింటిలో నాలుగింటి షరతుల్లో సాల్వెంట్ ఆవిరికి కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచి మళ్ళీ ద్రవం చేసేది) పెట్టాలని ఉంది. రెండింటిలో ప్రత్యేకంగా "దుర్వాసన రాకుండా" అని ఉంది. ఇక తనిఖీ రిపోర్టులు. రెండేళ్ళలో మొత్తం 23 శాంపిళ్ళు. టైములు నోట్‌బుక్‌లో రాసుకున్నా: 11.20, 12.05, 3.40, 11.45... అన్నీ పొద్దున పదికి, సాయంత్రం ఐదుకి మధ్యే. రాత్రిది ఒక్కటి కూడా లేదు.

ఆ 23 టైములూ వరసగా రాసి, పక్కనే నేను కంపు పట్టిన 61 రాత్రుల టైములు రాసి, రెండు కాలమ్స్ ఒకే కాగితం మీద బోర్డు ఇంజనీరు గారికి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. రాత్రి టీమ్ పంపడానికి అభ్యంతరం లేదు, కంపు వచ్చిన వెంటనే గాలి ఎటు నుంచి వీస్తోందో కూడా చెప్పండి అన్నాడు. ఒక నంబర్ ఇచ్చాడు.

సింహాచలం_సంపెంగ
61 రాత్రులు రాసుకున్నారా! పాప ఎలా ఉంది ఇప్పుడు?

కిటికీమూసినోడు
దగ్గు ఉంది మేడం. సెలవులకి అమ్మమ్మ ఊరికి పంపాం, అక్కడ దగ్గలేదట.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
గాలి దిశకి బాల్కనీలో అగరుబత్తి వెలిగించండి అన్నా. పొగ వెళ్ళే వైపుకి ఎదురు వైపు చూడండి, ఆ లైన్లో ఏ గేటు ఉందో రాసుకోండి. వారం చేస్తే తొమ్మిది కాస్తా రెండో మూడో అవుతాయి.

పులిహోర
కంపు పోయేదాకా అగరుబత్తి, పోయాక కొబ్బరికాయ. సామాను నేను తెస్తా, ఈసారి సీరియస్. ఏ స్టాప్‌లో దిగాలి?

చిన్నయూనిట్_ఓనర్
కిటికీ గారూ, ఆ షరతుల్లో కండెన్సర్‌కి వాడే చల్లటి నీళ్ళ టెంపరేచర్ ఎంతని రాశారో చూశారా? కరెంటు బిల్లుకి భయపడి ఆ నీళ్ళని చల్లబరిచే చిల్లర్‌ని రాత్రి కట్టేసే వాళ్ళున్నారు. నేను చెప్పానని చెప్పకండి. రాత్రి టీమ్ వస్తే ముందు చిల్లర్ లాగ్‌బుక్ అడగమనండి.

కిటికీమూసినోడు
సార్, ఈ మాట బంగారం. రాసుకున్నా.

11.40 అయింది. మొదలైంది. అగరుబత్తి పొగ తూర్పుకి పోతోంది. నంబర్‌కి రింగ్ అవుతోంది, ఉండండి.